రెండు వందల ఏళ్ళ నాటి ఉత్తరం

“అభినందనలు! మీకు పాతిక లక్షల బహుమతి వచ్చింది!”

ఈ ముక్క చదవగానే ఎంత గడుసువాళ్ళకైనా ఒక్క క్షణం మనసు కట్టు తప్పుతుంది. మరుక్షణంలోనే “ఆఁ, ఇదేదో మోసం” అని నవ్వేసుకుంటాం, ఫోనులోంచి తుడిచేస్తాం. అయినా ఆ ఒక్క క్షణంలో పెద్దమ్మాయి పెళ్ళి అయిపోతుంది, బ్యాంకు అప్పు తీరిపోతుంది, వీలయితే కాశీ ప్రయాణం కూడా పూర్తవుతుంది. ఆ క్షణం మీద ఆధారపడి బతికే వృత్తి ఒకటి లోకంలో వుంది. దాని వయసు ఫోనుది కాదు, చెక్కుపుస్తకానిది అంతకంటే కాదు. వంశవృక్షం గీస్తే మన తాతల తాతల కాలానికి పోతుంది.

ఫ్రాన్సులో వీడోక్ అని ఒక విచిత్రమైన మనిషి వుండేవాడు. మొదట దొంగ, జైలుపక్షి. తరవాత పోలీసులలో చేరి, దొంగల్ని పట్టే శాఖకే పెద్ద అయ్యాడు. దొంగ చేతికి తాళాలిచ్చారని జనం నవ్వుకున్నారో లేదో గాని, దొంగల గుట్టు అతనికి తెలిసినట్టు మరొకరికి తెలియదన్నది మాత్రం నిజం. 1830లలో దొంగల మీద అతను అచ్చు వేయించిన పుస్తకంలో, పారిస్ దగ్గర బిసెత్ర్ జైలులోని ఖైదీలు తీరిక వేళల్లో చేసే ఒక కుటీర పరిశ్రమ గురించి రాశాడు. ఆ పరిశ్రమ పేరు ఉత్తరాలు రాయడం.

పల్లెటూళ్ళలో స్థితిమంతులెవరో ముందు వాకబు చేసేవారట. ఆ తరవాత ఉత్తరం వెళ్ళేది. “అయ్యా, నేను ఫలానా జమీందారుగారి నౌకరుని. విప్లవం రోజుల్లో మా దొరగారితో దేశం విడిచి పారిపోతుంటే తరుముకొచ్చారు. నగలూ బంగారమూ వున్న పెట్టెని మీ ఊరి దగ్గర్లో ఒకచోట పడేసి ప్రాణాలు దక్కించుకున్నాం. ఇప్పుడు దాని కోసం తిరిగివస్తే కాయితాలు సరిగా లేవని నన్ను జైల్లో పెట్టారు. మీరు మంచివారని విన్నాను…” ఇదీ వరస. అందులోని నేర్పు చూడండి. ఎదుటివాళ్ళ జేబులోంచి కానీ కూడా అడగడు. పెట్టె దొరికితే, తన లాయరు ఖర్చులు అందులోంచే పెట్టుకుంటానంటాడు! జవాబు వచ్చాకనే మొదలవుతుంది అసలు కథ. పెట్టె వున్న చోటు చూపించే పటం ఎక్కడో తాకట్టులో వుంది, దాన్ని విడిపించాలి, దానికి కాస్త డబ్బు కావాలి…

వంద ఉత్తరాలు రాస్తే ఇరవయ్యింటికి జవాబులు వచ్చేవని వీడోక్ లెక్క. వందకి ఇరవై! ఈ రోజుల్లో పెళ్ళి శుభలేఖలకి కూడా అంతమంది జవాబు రాయరు.

ఆ ఉత్తరమే కొంతకాలానికి స్పెయిన్ వెళ్ళి వేషం మార్చుకుంది. ఈసారి నౌకరు కాదు, స్పెయిన్ జైల్లో మగ్గుతున్న పెద్దమనిషి. అతనికొక కూతురు. తల్లి లేని పిల్ల. “నేనెలాగూ బతకను, నా బిడ్డకి మీరు సంరక్షకులుగా వుండండి, నా ఆస్తిలో ఇంత వంతు మీది” అని అమెరికాలో వున్నవాళ్ళకి రాసేవాడు. 1898లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఈ సంగతి రాస్తూ, పాత మోసమే మళ్ళీ తలెత్తిందని మొదలుపెట్టింది. అంటే అప్పటికే అది పాత కథ! ‘స్పానిష్ ఖైదీ’ అన్న పేరు దానికి స్థిరపడిపోయింది.

మోసపోయినవాళ్ళని లోకం చులకనగా “ఆశపోతులు” అంటుంది. ఆ తల్లి లేని పిల్లని ఉత్తరంలోకి తెచ్చి పెట్టినవాడికి ఇంకా బాగా తెలుసు. డబ్బుమీది ఆశ ఒక్కటే అయితే మనిషి లెక్కలు వేసుకుంటాడు. దానికి కాస్త జాలి కలిసిందా, తను చేస్తున్నది మంచిపని అనిపిస్తుంది. మంచిపని చేసేటప్పుడు ఎవరూ రసీదు అడగరు కదా.

ఇక అమెరికాలోని అయోవా రాష్ట్రం కథ వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఇంగ్లండు నావికుడు సర్ ఫ్రాన్సిస్ డ్రేక్ 1596లో పిల్లలు లేకుండానే పోయాడు. ఆయన ఆస్తి ఇంగ్లండు కోర్టుల్లో మూలుగుతోందనీ, దాన్ని విడిపించే ఖర్చుకి ఇప్పుడు కొద్దిగా డబ్బు వేసినవాళ్ళకి రేపు దానికి ఎన్నో రెట్లు వస్తుందనీ కొందరు బయల్దేరారు. 1915లో అయోవాలోని ఒక రైతు తల్లి దగ్గర ఆరువేల డాలర్లు లాగారు. ఆస్కార్ హార్ట్‌జెల్ అనే ఆ కొడుకు కూపీ లాగి అదంతా మోసమని పసిగట్టాడు. పసిగట్టినవాడు పోలీసుల దగ్గరికి పోవాలా? పోలేదు. ఇందులో ఇంత లాభం వుందా అని తనే ఆ వ్యాపారంలోకి దిగాడు! లండన్‌లో దొరలా కాపురం పెట్టి, పదేళ్ళకి పైగా అయోవా చుట్టుపక్కల రైతుల డబ్బుతో కులాసాగా బతికాడు. డబ్బు వేసినవాళ్ళు డెబ్బైవేలకి పైనే అని అంచనా.

1933లో అతన్ని ఇంగ్లండు నుంచి అమెరికాకి పంపించి, తపాలా మోసం కింద కేసు పెట్టి, పదేళ్ళు శిక్ష వేశారు. అప్పుడు మోసపోయినవాళ్ళు ఏం చేశారనుకున్నారు? అతని కేసు ఖర్చులకి మళ్ళీ చందాలు వేసుకున్నారు! “ప్రభుత్వం పెద్దవాళ్ళతో కుమ్మక్కయి మా మనిషిని పట్టుకుంది” అన్నారు. పొలం తాకట్టు పెట్టి డబ్బిచ్చినవాడికి, అది మోసం అని ఒప్పుకోవడం కంటే ఇంకో వంద ఇవ్వడమే తేలిక కాబోలు.

అతన్ని పట్టించిన చట్టం 1872 నాటిది. తపాలా ద్వారా జనాన్ని మోసం చేయడం నేరమని అమెరికా ఆ ఏడే శాసనం చేసింది. 1890లో లాటరీ కాయితాలు తపాలాలో పంపకూడదన్నారు. లూసియానా లాటరీ కంపెనీ ఆగడాలు అంతగా పెరిగిపోయాయి మరి. లాటరీ పోయి తరవాత తరవాత ‘స్వీప్‌స్టేక్స్’ వచ్చాయి. అంటే టిక్కెట్టు కొనక్కర్లేదు, కాయితం నింపి పంపితే చాలు, అదృష్టముంటే బహుమతి. పత్రికల చందాలు అమ్మే కంపెనీలు వీటిని ఎరగా వాడుకున్నాయి. కవరు మీద మన పేరు, పెద్ద అక్షరాల్లో మీరే విజేత అన్న ధోరణి, చిన్న అక్షరాల్లో “మీ అంకె తగిలినట్లయితే” అన్న షరతు. కళ్ళజోడు సర్దుకునే ముసలమ్మ ఏ అక్షరాలు చదువుతుంది?

1990ల చివర్లో అమెరికన్ ఫ్యామిలీ పబ్లిషర్స్ అనే కంపెనీ ఉత్తరాలు చదివిన ముసలివాళ్ళు కొందరు, బహుమతి స్వయంగా పుచ్చుకుందామని విమానం టిక్కెట్టు కొనుక్కుని ఫ్లారిడాలోని టాంపా ఊరికి వెళ్ళిపోయారు. అక్కడ వాళ్ళకోసం ఎవరూ పూలదండ పట్టుకుని నించోలేదు. పెద్ద గొడవే అయింది. 1999లో అమెరికా ప్రభుత్వం, ఇలాంటి ఉత్తరాలలో ఏది ఎలా రాయాలో చట్టం చేసింది. వస్తువు కొన్నంత మాత్రాన గెలిచే అవకాశం పెరగదని స్పష్టంగా చెప్పి తీరాలన్నది అందులో ఒకటి.

ఇంతవరకూ చెప్పిన మోసాలన్నిటికీ ఒక లోటు వుంది. మోసపోయే మనిషి ఎప్పుడో ఒకప్పుడు తన సొంత డబ్బు తీసి ఇవ్వాలి. అక్కడే చెయ్యి వణుకుతుంది. భర్తనో కొడుకునో అడగాలనిపిస్తుంది. ఆ ఇబ్బంది లేకుండా చేసిందే దొంగ చెక్కు.

ఉత్తరం ఇలా వస్తుంది. “మీకు యాభైవేల డాలర్ల బహుమతి వచ్చింది. దానిమీద పన్నులూ, ఖర్చులూ మీరు కట్టాలి. మీకు శ్రమ ఎందుకని మేమే నాలుగువేల డాలర్ల చెక్కు జతపరుస్తున్నాం. దీన్ని బ్యాంకులో వేసుకుని, అందులోంచి మూడువేలు ఫలానా పన్నుల ఏజెంటుకి పంపండి. మిగతాది మీ దగ్గరే వుంచుకోండి.” చూశారా! ఆనాడు బిసెత్ర్ ఖైదీ లేని పెట్టెలోంచి లాయరు ఖర్చు పెట్టుకుంటానన్నాడు. వీడు ఆ పెట్టెనే కవర్లో పెట్టి పంపించాడు. ఇక అనుమానం దేనికి? ముందు ఇచ్చినవాడు దొంగ ఎలా అవుతాడు?

పైగా ఆ గృహిణి తెలివితక్కువది కూడా కాదు. చెక్కు బ్యాంకులో వేసి రెండు మూడు రోజులు ఆగుతుంది. బ్యాంకుకి ఫోను చేసి “డబ్బు పడిందా?” అని అడుగుతుంది. “పడిందండీ, తీసుకోవచ్చు” అంటుంది అక్కడి అమ్మాయి. ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు, అక్కడే వుంది తిరకాసు.

దీని వెనక ఒక చట్టం కథ వుంది. ఒకప్పుడు అమెరికా బ్యాంకులు, జనం వేసిన చెక్కుల డబ్బుని రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి అట్టేపెట్టుకునేవి. జీతం చెక్కు వేసుకుని, ఇంటి అద్దె కట్టడానికి డబ్బు అందక ఇల్లాళ్ళు నానా అవస్థా పడేవారు. జనం మొత్తుకోగా 1987లో అక్కడి కాంగ్రెసు చట్టం చేసి, చెక్కు వేసిన ఇన్ని రోజుల్లోగా డబ్బు వాడుకోనివ్వాలని బ్యాంకులకి గడువు పెట్టింది. ‘కాషియర్స్ చెక్కు’ అని ఒకటుంది. మన డిమాండ్ డ్రాఫ్టు లాగా బ్యాంకు తన మీద తనే రాసుకునే చెక్కు. అలాంటివాటికయితే సాధారణంగా మర్నాటికల్లా ఇవ్వాలన్నారు. మంచి చట్టమే, సందేహం లేదు. కానీ, డబ్బు వాడుకోనివ్వడం వేరు, డబ్బు నిజంగా రావడం వేరు. ఆ చెక్కు రాసిన బ్యాంకుకి వెళ్ళి, అసలో నకిలీయో తేలేదాకా, ఖాతాలో కనిపించేది డబ్బు కాదు, బ్యాంకు మనమీద వుంచిన నమ్మకం. చెక్కు తిరిగివస్తే ఆ మొత్తం మన ఖాతాలోంచే కోసుకుంటారు. చెక్కు వేసింది మనం కాబట్టి పూచీ మనదే.

ఆ రోజుల్లో చెక్కులు కాయితాలుగానే ఊరూరా తిరిగేవి. వాటికోసం ప్రత్యేకంగా విమానాలు ఎగిరేవి. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కులో ఆ ఘోరం జరిగి విమానాలన్నీ నిలిచిపోతే, దేశమంతటా చెక్కులు కూడా ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అది చూశాక 2003లో మరో చట్టం చేశారు. చెక్కుకి బదులు చెక్కు బొమ్మ పంపితే చాలు. దాంతో ప్రయాణం రోజుల నుంచి గంటలకి దిగింది. మరి మోసం బయటపడడం కూడా తొందరగా జరగాలి కదా అంటారా? అలా జరగలేదు. చెక్కు అడుగున అచ్చువేసే అంకెల్ని తారుమారు చేసి, ముందు వేరే బ్యాంకుకి పోయేలా చూసే ఘనులు వున్నారు. నిజమైన కంపెనీ పేరూ, ఖాతా నంబరూ దొంగిలించి అచ్చు వేసేవాళ్ళున్నారు. తమ ఖాతాలో తేడా వుందని ఆ కంపెనీ చూసుకునే సరికి వారాలు గడుస్తాయి. ఈలోగా మనం పంపిన మూడువేలూ ఎక్కడో ఖండాంతరంలో ఎవరి జేబులోనో చేరిపోయి వుంటాయి.

ఆ మూడువేలు వైరు ద్వారానో, ఆ మధ్య మొదలయిన గిఫ్టు కార్డుల నంబర్ల రూపంలోనో పంపమంటారు. ఒకసారి పంపితే వెనక్కి రాని దారులవి. డబ్బు పంపే వ్యాపారంలో పేరు మోసిన వెస్టర్న్ యూనియన్ కంపెనీ, మోసగాళ్ళు తన కౌంటర్లని వాడుకుంటుంటే సరిగా అడ్డుకోలేదని ఒప్పుకుని, 2017లో 58 కోట్ల 60 లక్షల డాలర్లు కట్టింది.

ఇదంతా ముసలివాళ్ళ సంగతి, మన పిల్లలు చదువుకున్నవాళ్ళు అని ధీమాగా వుండకండి. అమెరికా ప్రభుత్వ వాణిజ్య సంఘానికి 2019లో దొంగ చెక్కుల మీద 27 వేలకి పైగా ఫిర్యాదులు వచ్చాయి. పోయిన సొమ్ము 2 కోట్ల 80 లక్షల డాలర్లకి పైమాటే. పోగొట్టుకున్నవాళ్ళలో ఎక్కువగా కనిపించింది ఎవరనుకున్నారు? ఇరవైల్లో వున్న కుర్రాళ్ళు! ముప్పై దాటినవాళ్ళకంటే వాళ్ళు డబ్బు పోయిందని చెప్పడం రెట్టింపుకి పైగా వుంది. చెక్కు ముఖమే ఎరగని తరం అది. వాళ్ళకి వచ్చేది ఎక్కువగా బహుమతి ఉత్తరం కాదు, ఉద్యోగం ఉత్తరం. “మీ కారు మీద మా ప్రకటన అంటించుకుని తిరగండి, వారానికి ఇంత ఇస్తాం. అంటించేవాడికి ఇవ్వడానికి ఇదిగో చెక్కు.” లేకపోతే “దుకాణాల్లో సేవ ఎలా వుందో రహస్యంగా చూసి చెప్పండి” అని. చెక్కు మటుకు అదే, పాపం.

మన ఊళ్ళనుంచి అక్కడ చదువుకోడానికి వెళ్ళిన పిల్లలకి ఈ సంగతి చెప్పి తీరాలి. విద్యార్థి వీసా మీద వున్నవాళ్ళు అనుమతి లేకుండా కళాశాల బయట ఉద్యోగం చేయకూడదు. అలాంటి పని ఒప్పుకుని మోసపోతే, ఫిర్యాదు చేస్తే వీసాకి ముప్పని భయపడి నోరు మెదపరు. ఇంటికి ఫోను చేసి “ఈ నెల కొంచెం డబ్బు పంపండి నాన్నా” అంటారే గాని కారణం చెప్పరు. తేలు కుట్టిన దొంగ సామెత వినే వుంటారు. ఈ వ్యాపారంలో విచిత్రమేమిటంటే, తేలు కుట్టినట్టు నోరు మూసుకునేది దొంగ కాదు, దోపిడీ అయినవాళ్ళు.

మన దేశంలో చెక్కు పద్ధతి వేరు. “కలెక్షనుకి పంపాం, వారం ఆగి రండి” అనే మాట మన తరం ఎన్నిసార్లు విన్నదో! అప్పుడు విసుక్కున్నాం గాని, అవతలి బ్యాంకు డబ్బిచ్చాకే మన పాసుబుక్కులో వేసే ఆ పద్ధతి వల్ల దొంగ చెక్కు బహుమతి ఇక్కడ అంతగా వేళ్ళూనలేదు. 2008లో ఢిల్లీలో చెక్కు బొమ్మలతో పని మొదలై, 2025 అక్టోబరు నుంచి కొన్ని గంటల్లోనే చెక్కు సంగతి తేల్చేసే పద్ధతి వచ్చింది.

అందుకని మన మోసగాళ్ళు చెక్కు ఖర్చు కూడా పెట్టుకోరు. వెనక పత్రికల్లో వచ్చే ప్రకటనలు జ్ఞాపకం వున్నాయా? తొమ్మిది గళ్ళ చదరం, ఎటు కూడినా 15 రావాలి. నింపి పంపితే “మీరు గెలిచారు, ట్రాన్సిస్టరు సగం ధరకే” అని జవాబు. వి.పి.పి.లో పార్శిలు వచ్చేది. పోస్టుమానుకి ముందు డబ్బు కట్టాలి, తరవాతే తాడు విప్పాలి. లోపల ఇటికముక్క వున్న ఇళ్ళూ వున్నాయి. మూడో తరగతి పిల్లవాడు కూడా నింపగల చదరానికి రేడియో ఎందుకిస్తారన్న ప్రశ్న, తాడు విప్పాక గాని తట్టేది కాదు.

ఇప్పుడు ఆ చదరం స్థానంలో ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ వచ్చింది. 2000లో మొదలైన ఆ కార్యక్రమం పేరు చెప్పి, వాట్సాప్‌లో పాతిక లక్షల లాటరీ తగిలిందంటారు. అమితాబ్ బొమ్మ వుంటుంది, బ్యాంకు ముద్ర వుంటుంది. జీఎస్టీ ఇంత, ప్రాసెసింగు ఫీజు ఇంత ముందు కట్టమంటారు. నగదు బహుమతి మీద పన్ను, ఇచ్చేవాడే కోసుకుని మిగతాది మన చేతిలో పెడతాడు, ఎదురు కట్టమనడు. రిజర్వు బ్యాంకు పేరుతో వచ్చే ఉత్తరాలున్నాయి. ఆ బ్యాంకు మామూలు మనుషులెవరికీ ఖాతాలు తెరవదు, లాటరీ డబ్బు పంచదు. పరదేశపు లాటరీ టిక్కెట్లకి ఇక్కడినుంచి డబ్బు పంపడమే 2000 నాటి విదేశ మారకం నిబంధనల ప్రకారం నిషిద్ధం.

ఈ ఉత్తరాల్లో ఇన్ని తప్పులు ఎందుకుంటాయి, కాస్త చదువుకున్న గుమాస్తాని పెట్టుకోకూడదా అనిపిస్తుంది నాకు. 2012లో మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు కార్మాక్ హెర్లీ దీనికి చక్కటి సమాధానం చెప్పాడు. నమ్మశక్యం కాని ఉత్తరం చూసి అనుమానం వచ్చేవాళ్ళు మొదట్లోనే నవ్వేసి వెళ్ళిపోతారు. మిగిలినవాళ్ళతోనే మోసగాడికి పని. అంటే మనల్ని నవ్వించిన ఆ తప్పులు జల్లెడ కన్నాలన్నమాట. మనం జారిపోయాం, ఎవరో ఒంటరిగా వున్న ముసలాయన జల్లెడలో మిగిలిపోయాడు.

పోటీకే వెళ్ళని బహుమతి, ఎదురు డబ్బు, “ఈ సాయంత్రంలోగా” అనే తొందర, ఇవన్నీ మీకు తెలిసినవే. చెక్కు విషయంలో ఒక్క మాట: దానిమీద అచ్చువేసిన ఫోను నంబరుకి చేసి కనుక్కోవద్దు, ఎత్తేది వాడి మనిషే. బ్యాంకు నంబరు మరోచోట వెతుక్కుని అడగాలి. అమెరికా తపాలా మనీఆర్డరయితే వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే బెంజమిన్ ఫ్రాంక్లిన్ బొమ్మ కాయితం లోపల కనిపించాలి.

వీటన్నిటికంటే పాతది ఇంకో గుర్తు. హార్ట్‌జెల్ తన రైతులచేత ఈ విషయం బయటికి పొక్కనివ్వమని మాట తీసుకునేవాడు. స్పానిష్ ఖైదీ కూడా గుట్టు కాపాడమనే రాసేవాడు. మొన్నటి వాట్సాప్ సందేశం కూడా లాటరీ నంబరు ఎవరికీ చెప్పవద్దనే అంటుంది. మన దేశంలో డబ్బు పోతే 1930కి ఫోను చేయవచ్చు. ఎంత త్వరగా చేస్తే దారిలో వున్న సొమ్ముని అంత దాకా ఆపే వీలుంటుంది. ఇంట్లో ఏమంటారో అని రెండు రోజులు తటపటాయించి చేస్తే, అప్పటికి ఆ డబ్బు నాలుగైదు ఖాతాలు మారి, ఏదో ఊళ్ళో ఏటీఎమ్ లోంచి బయటికి వెళ్ళిపోయి వుంటుంది.